రష్యా గ్యాస్ మానేసిన యూరప్ నిలదొక్కుకుందా, యజమానిని మార్చుకుందా?

గౌతమి_గట్టు:
2026 జనవరి 26న యూరోపియన్ యూనియన్ (ఈయూ) మంత్రుల మండలి ఒక చట్టానికి ఆమోదముద్ర వేసింది. రష్యా ఎల్‌ఎన్‌జీ (ద్రవంగా మార్చి ఓడల్లో పంపే గ్యాస్) 2027 మొదటికల్లా పూర్తిగా బంద్. పైప్‌లైన్ గ్యాస్ అదే ఏడాది శరత్కాలానికి బంద్. హంగరీ, స్లొవాకియా వ్యతిరేకంగా ఓటేశాయి. హంగరీ అయితే కోర్టుకెళ్తానంది. చదివినవాళ్లంతా యూరప్‌కి స్వాతంత్ర్యం వచ్చినట్టే మాట్లాడుతున్నారు.

నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. 2021లో ఈయూ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో రష్యాది 45 శాతం. 2025కి అది 13 శాతం దగ్గరికి దిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నదెవరు? 2025లో ఈయూకి ఓడల్లో వచ్చిన ఎల్‌ఎన్‌జీలో సగానికి పైగా అమెరికాదే. జులై 27న స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీలో, ట్రంప్ సొంత గోల్ఫ్ రిసార్టులో కూర్చుని, మూడేళ్లలో 750 బిలియన్ డాలర్ల అమెరికా ఇంధనం కొంటామని యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు వాన్ డెర్ లేయన్ మాటిచ్చి వచ్చారు. 30 శాతం సుంకం వేస్తానన్న బెదిరింపు నెత్తిమీద ఉండగా ఇచ్చిన మాట అది. ఒకాయన గ్యాస్ కట్టేస్తాడని భయపడి, సుంకాలతో భయపెట్టే ఇంకొకాయన దగ్గర కొనుక్కుంటే దాన్ని సరఫరా భద్రత అని ఎలా అంటాం? కాదనేవాళ్లు చెప్పండి, వింటాను.

రైన్_తీరం:
గౌతమి గారూ, మీరు ఓడల లెక్కే చూపించారు. మొత్తం గ్యాస్ లెక్క తీయండి. 2024లో ఈయూకి అందరికన్నా ఎక్కువ అమ్మింది నార్వే, దాదాపు మూడో వంతు. అమెరికాది ఆరో వంతు ప్రాంతం. ఆ తర్వాత అల్జీరియా, ఖతార్, అజర్‌బైజాన్ ఉన్నాయి. ఇందులో యజమాని ఎవరు? నార్వేనా?

పైగా ఆ 45 శాతం అన్న అంకె చూస్తే అసలు ప్రమాదం అర్థం కాదు. నేను ఉండేది మాన్‌హైమ్ దగ్గర. జర్మనీలో అతి పెద్ద భూగర్భ గ్యాస్ నిల్వ రేడెన్‌లో ఉంది, దేశం మొత్తం నిల్వ సామర్థ్యంలో ఐదో వంతు దానిదే. దాన్ని 2015లో ఆస్తుల మార్పిడి కింద రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్‌కి అప్పజెప్పారు. సంవత్సరం మళ్లీ చూడండి, 2015. క్రిమియాని కలిపేసుకున్న మరుసటి ఏడాది! బెర్లిన్‌లో ప్రభుత్వం అభ్యంతరం చెప్పలేదు. 2021 వేసవిలో, అంటే చలికాలానికి నింపుకోవాల్సిన నెలల్లో, ఆ నిల్వని నింపనే లేదు. యుద్ధం మొదలైంది 2022 ఫిబ్రవరి 24న. ట్యాంకులు కదలకముందే రేడెన్ దాదాపు ఖాళీ. బియ్యం అమ్మే షావుకారుకే మన గాదె తాళంచెవి కూడా ఇచ్చిన చందం. అమెరికా చేతిలో అలాంటి తాళంచెవి ఒక్కటైనా ఉందా, మీరే చెప్పండి.

ఆ తర్వాతి చలికాలం ఎలా గడిచిందో ఇక్కడున్న మనవాళ్లందరికీ గుర్తే. ప్రభుత్వ ఆఫీసుల్లో 19 డిగ్రీలు దాటి హీటింగ్ పెట్టకూడదన్నారు. మా ఇంటి ఓనరు నెలనెలా కట్టే హీటింగ్ అడ్వాన్సుని ఒక్క ఉత్తరంతో రెట్టింపు చేశాడు. ప్రభుత్వం పాత వాడకంలో 80 శాతానికి యూనిట్ 12 సెంట్లని కట్టడి పెట్టాకే ఊపిరి పీల్చుకున్నాం.

చార్మినార్_చాయ్:
అన్నా, మీ హీటర్ బాధ సరే. అదే టైంల పాకిస్తాన్ల ఏమైందో ఎరికేనా? 2022 జులైల ఎల్‌ఎన్‌జీ కార్గోలకు టెండర్ పిలిస్తే ఒక్కడు గూడ కోట్ ఎయ్యలే. బంగ్లాదేశ్ ఏ రోజు రేటుకు ఆ రోజు అమ్మే స్పాట్ మార్కెట్ల కొనుడే బంద్ పెట్టింది. రేటు గంత ఎందుకు పెరిగింది? యూరప్ ఎంతకైనా కొంట అని పైసలు కుమ్మరించింది గనుక. 2021 మొదట్ల మెగావాట్-అవర్‌కు 20 యూరోలున్న రేటు 2022 ఆగస్టుల 300 దాటింది. యూరప్ భద్రత కోసం కరాచీల కరెంట్ పోయింది.

మన సంగతి గూడ చెప్త. గాజ్‌ప్రోమ్ సింగపూర్ కంపెనీతోని గెయిల్‌కు 20 ఏండ్ల కాంట్రాక్టు ఉండె, 2012ల చేసుకున్నది. ఆ కంపెనీ మీదున్న గాజ్‌ప్రోమ్ జర్మేనియాను 2022 ఏప్రిల్ల జర్మన్ సర్కార్ తన చేతులకు తీసుకుంది. మే నెల నుంచి మనకు రావాల్సిన కార్గోలు ఆగినయ్. గెయిల్ ఎరువుల ఫ్యాక్టరీలకు కోత పెట్టాల్సి వచ్చింది. కేసు నడిచి నడిచి 2025 జనవరిల 285 మిలియన్ డాలర్లకు రాజీ అయింది. 2022 జూన్‌లనే స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావాల జైశంకర్ అడిగిండు కదా, యూరప్ రష్యా గ్యాస్ కొంటే యుద్ధానికి పైసలు పోవా అని. జవాబు ఇయ్యాల్టికీ రాలే.

రైన్_తీరం:
తమ్ముడూ, గెయిల్ విషయంలో సగమే చెప్పావు. ఆ మే నెలలోనే రష్యా స్వయంగా గాజ్‌ప్రోమ్ జర్మేనియా మీదా దాని కింది కంపెనీల మీదా ఆంక్షలు పెట్టింది. రష్యాలోని యమల్ నుంచి సరుకు ఆపింది మాస్కో, జర్మనీ కాదు.

రిటైర్డ్_వాల్వ్:
ఇద్దరూ కొంచెం ఆగండి బాబూ. సరుకు ఆపింది మాస్కోనే. కానీ గెయిల్ కాంట్రాక్టు కంపెనీతో గానీ యమల్ బావితో కాదు. ఎక్కడినుంచైనా తెచ్చి ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదేనని గెయిల్ వాదన. స్పాట్ రేటు కాంట్రాక్టు రేటుకి కొన్ని రెట్లు ఉన్నప్పుడు, డెలివరీ ఎగ్గొట్టి పెనాల్టీ కట్టేయడమే ఏ అమ్మకందారుకైనా లాభం. ఈ వ్యాపారంలో కాంట్రాక్టు కాగితం బలం అంతవరకే.

నేను గ్యాస్ పైప్‌లైన్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాస్త వెనక్కెళ్లి చెబుతాను, ఓపిక పట్టండి.

జర్మన్లేమీ తెలివితక్కువవాళ్లు కాదు. 1970లో సోవియట్లతో చేసుకున్న ఒప్పందం చాలా సూటిగా ఉండేది: మేం ఉక్కు గొట్టాలిస్తాం, మీరు గ్యాస్ ఇవ్వండి. 1973 నుంచి గ్యాస్ వచ్చింది. అటు అణ్వాయుధాలు ఎక్కుపెట్టుకున్న రోజుల్లో కూడా గ్యాస్ ఆగలేదు. దాని వెనకున్న లెక్క ఏమిటంటే, పైపు ఇద్దరినీ కట్టేస్తుంది. పశ్చిమ సైబీరియా గ్యాస్‌కి యూరప్ తప్ప వేరే దారి లేదు. చైనాకి వెళ్లే పవర్ ఆఫ్ సైబీరియా లైను వేరే క్షేత్రాలది, దానికీ దీనికీ సంబంధం లేదు. కాబట్టి వాల్వు కట్టేస్తే నష్టం ఇద్దరికీ. ఆ లెక్క తప్పేం కాదు కూడా: 2023లో గాజ్‌ప్రోమ్ 629 బిలియన్ రూబుళ్ల నష్టం చూపించింది. అయినా కట్టేశారు. నష్టానికి సిద్ధపడినవాడి దగ్గర ఈ లెక్క పనిచేయదు.

హెచ్చరికలు ముందే వచ్చాయి. 2006 జనవరి, మళ్లీ 2009 జనవరి. రెండోసారి ఉక్రెయిన్ మీదుగా వచ్చే గ్యాస్ సుమారు రెండు వారాలు పూర్తిగా ఆగిపోయింది. నడి చలికాలంలో బల్గేరియా, స్లొవాకియా విలవిల్లాడాయి. యూరప్ పడమటి దేశాల్లో గ్యాస్ ఉంది, కానీ ఇటు పంపే వీలు లేదు. కంప్రెసర్లన్నీ తూర్పు నుంచి పడమరకి తోసేలాగే కట్టారు. ఆ తర్వాత ఈయూ రెండు వైపులా పారే ఏర్పాటు ఉండాలని 2010లో నిబంధన తెచ్చింది. నా దృష్టిలో యూరప్ చేసిన అసలైన భద్రతా పని అదే. దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే కంప్రెసర్ స్టేషన్ దగ్గర రిబ్బన్ కత్తిరిస్తే ఫొటో బాగుండదు.

జర్మనీ మాత్రం ఇబ్బంది ఉక్రెయిన్‌తోనే కాబట్టి ఉక్రెయిన్‌ని తప్పించి సముద్రంలో పైపు వేద్దాం అనుకుంది. 2011లో నార్డ్ స్ట్రీమ్, ఏడాదికి 5,500 కోట్ల ఘనపు మీటర్లు. పోలండ్ ఏం చేసింది? ష్వినోఉయ్‌ష్చియెలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కట్టుకుంది. 2022 చివర్లో రష్యా కాంట్రాక్టు ముగుస్తుందని తెలుసు కాబట్టి నార్వే నుంచి బాల్టిక్ పైప్ వేసుకుంది. 2022 ఏప్రిల్ 27న రూబుళ్లలో కట్టలేదని గాజ్‌ప్రోమ్ పోలండ్‌కి సరఫరా ఆపితే అక్కడ హాహాకారాలేమీ లేవు. సెప్టెంబర్ 26న నార్డ్ స్ట్రీమ్ పేలింది. మర్నాడు బాల్టిక్ పైప్ ప్రారంభోత్సవం.

సరఫరా ఆగడానికి శత్రువే ఉండక్కర్లేదు. మా వైపు వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి ప్లాంట్లు చూడండి. కృష్ణా-గోదావరి తీర సముద్రంలోని కేజీ డీ6 గ్యాస్ 2009లో మొదలైంది, దాని మీదే ప్లాంట్లు ఆశ పెట్టుకున్నాయి, రెండేళ్లు తిరక్కుండానే ఉత్పత్తి పడిపోవడం మొదలైంది. కారణాల మీద ఇంకా వాదనలే. ప్లాంట్లు మాత్రం ఏళ్ల తరబడి గ్యాస్‌కి కటకటలాడాయి.

చార్మినార్_చాయ్:
వాల్వ్ సార్, సలాం. గానీ పోలండ్‌కు పైసలున్నయ్, కట్టుకుంది. లేనోళ్ల సంగతేంది?

విల్నియస్_వాణి:
పైసలు లేని దేశం గురించి నేను చెబుతాను. లిథువేనియా జనాభా 30 లక్షల లోపు. హైదరాబాద్‌లో మూడో వంతు కూడా ఉండదు. 2014 దాకా గ్యాస్ మొత్తం గాజ్‌ప్రోమ్ దగ్గరే, అదీ బెలారస్ మీదుగా వచ్చే ఒకే లైన్లో. రేటు యూరప్‌లోనే ఎక్కువ కట్టేవాళ్లలో వీళ్లు ఒకరు. వేరే దిక్కు లేనివాడికి రేటు అలాగే వేస్తారు.

వీళ్లు కొరియాలో కట్టిన, ఎల్‌ఎన్‌జీని మళ్లీ గ్యాస్‌గా మార్చే టెర్మినల్ ఓడ ఒకటి నార్వే కంపెనీ నుంచి అద్దెకు తెచ్చి క్లైపెడా రేవులో కట్టేశారు. ఓడ రేవుకు చేరింది 2014 అక్టోబరులో. గాజ్‌ప్రోమ్ రేటు ఐదో వంతు దాకా తగ్గించింది ఎప్పుడో తెలుసా? అదే ఏడాది మే నెలలో. ఓడ ఇంకా రాకముందే! అందుకే గౌతమి గారూ, అమ్మేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న దగ్గర మీరు ఆగిపోయారనిపిస్తోంది. ఈ టెర్మినల్‌కి ఇవాళ అమెరికా కార్గో వస్తుంది, రేపు అమెరికాతో చెడితే నైజీరియాదో నార్వేదో వస్తుంది. ఓడకి చుక్కాని ఉంటుంది. పైపుకి ఉండదు. 2022 ఏప్రిల్లో ఈయూలో అందరికన్నా ముందు రష్యా గ్యాస్ పూర్తిగా మానేసింది వీళ్లే.

ఊరికే కాలేదు లెండి. ఆ ఓడ ఖర్చు గ్యాస్ బిల్లుల్లో అదనపు ఛార్జీగా ఏళ్ల తరబడి పడింది. ఖాళీ ఓడకి అద్దె కడుతున్నామని ఇక్కడి జనం తిట్టుకున్నారు కూడా. 2022 తర్వాత ఆ తిట్లు వినపడలేదు.

గౌతమి_గట్టు:
వాణి గారూ, ఓడకి చుక్కాని ఉంటుంది, నిజమే. అది అమ్మేవాడి వైపు కూడా తిరుగుతుంది కదా? పాకిస్తాన్‌కి జరిగింది అదే.

నేను చెప్పే పెత్తనం గ్యాస్ ఆపడం గురించి కాదు, ఆపకుండానే పని చేయించుకోవడం గురించి. కంపెనీలు తమ సరఫరా గొలుసులో పర్యావరణం, మానవ హక్కులు చూసుకోవాలని ఈయూ 2024లో ఒక చట్టం చేసింది. జరిమానా వేస్తే ఎల్‌ఎన్‌జీ పంపడం మానేస్తామని ఖతార్ మంత్రి సాద్ అల్ కాబీ బహిరంగంగానే అన్నారు. 2025 అక్టోబర్లో అమెరికా, ఖతార్ మంత్రులు కలిసి ఈయూ దేశాధినేతలకి బహిరంగ లేఖ రాశారు. డిసెంబరుకల్లా ఆ చట్టం పదును పోయింది. వాతావరణ ప్రణాళికల నిబంధనే తీసేశారు. కుళాయి తిప్పే పనే లేకుండా పొరుగు ఖండం చట్టాలు మార్పించగలిగితే దాన్నేమంటారు?

రైన్_తీరం:
ఆ చట్టం రద్దు చేయాలని జర్మనీ ఛాన్సలర్ మెర్జ్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఇద్దరూ 2025 మే నెలలోనే అడిగారు. ఇక్కడి పరిశ్రమల ఒత్తిడి అంతా ఇంతా కాదు. మా పక్కనే లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ అమ్మోనియా ప్లాంటు ఒకటి మూసేస్తామని 2023లోనే ప్రకటించింది. ఖతార్ ఉత్తరం రాకపోయినా ఆ చట్టానికి అదే గతి పట్టేది.

గౌతమి_గట్టు:
పట్టేదేమో. కానీ ఉత్తరం వచ్చింది, మీరు గ్యాస్ కొంటున్నవాళ్ల దగ్గరి నుంచే వచ్చింది.

రిటైర్డ్_వాల్వ్:
ఈ పాయింటు గౌతమి గారిదే. దాన్ని కొట్టిపారేయలేం.

అయితే ఈయూ తన తలనొప్పి తానే తెచ్చుకున్న చోటు ఇంకొకటుంది. నవంబరు 1కల్లా నిల్వలు 90 శాతం నిండి తీరాలని రూలు పెట్టారు (2022కి మాత్రం 80). ఫలానా తేదీలోపు ఎంత రేటుకైనా కొంటానని మార్కెట్లో చాటింపు వేసుకుంటే ఏ వ్యాపారి తక్కువకి అమ్ముతాడు? 2022 వేసవిలో అదే జరిగింది. 2025లో గానీ సడలించలేదు. ఇప్పుడు అక్టోబరు 1కీ డిసెంబరు 1కీ మధ్య ఎప్పుడు చేరినా చాలు.

మోడరేటర్:
చర్చ బాగుంది. వ్యక్తిగత వ్యాఖ్యలున్న రెండు పోస్టులు తీసేశాను.

విల్నియస్_వాణి:
750 బిలియన్ల సంగతి ఎవరూ తేల్చలేదు. ఆ అంకె అసలు అయ్యేదేనా?

రైన్_తీరం:
కానే కాదు. మూడేళ్లకి 750 అంటే ఏడాదికి 250 బిలియన్ డాలర్లు. 2024లో ఈయూ ప్రపంచం మొత్తం మీద కొన్న ఇంధనమే 400 బిలియన్ యూరోల లోపు, అందులో అమెరికాది ఐదో వంతు ప్రాంతం. మూడు రెట్లు పెంచాలి. పైగా యూరోపియన్ కమిషన్‌కి ఒక్క ట్యాంకర్ లేదు, ఒక్క టెర్మినల్ లేదు. కొనేది కంపెనీలు. ఏ ఇంధనం వాడుకోవాలో తేల్చుకునే హక్కు సభ్యదేశాలదని ఈయూ ఒప్పందంలోనే రాసుంది. గ్యాస్ వాడకం కూడా యుద్ధానికి ముందుకన్నా బాగా తగ్గింది. అది ట్రంప్ చేతికిచ్చిన కాగితం, అంతే.

గౌతమి_గట్టు:
చెల్లని చెక్కు రాసిచ్చామంటున్నారు. బాగుంది. చెక్కు పుచ్చుకున్నవాడికి అది చెల్లదని తెలిసే పుచ్చుకుని ఉంటాడు. మూడేళ్లు పూర్తయ్యాక లెక్క తీసి, మాట తప్పారు కాబట్టి సుంకం పెంచుతున్నానంటే అప్పుడు కమిషన్ ఏ టెర్మినల్ చూపిస్తుంది?

చార్మినార్_చాయ్:
గది! అట్లనే జామ్‌నగర్ డీజిల్ సంగతి గూడ చెప్పుండ్రి. రష్యా క్రూడ్ మనం శుద్ధి చేసి పంపితే మూడేండ్లు చప్పుడు చెయ్యకుంట కొన్నరు. 2025 జులైల వాడినార్ నయారా రిఫైనరీ మీద ఆంక్షలు పెట్టిండ్రు. గిదేం నీతి?

రైన్_తీరం:
నీతి సంగతి నేను మాట్లాడను, దాని మీద యూరప్‌ని సమర్థించడం నావల్ల కాదు. రూలు మాత్రం ఇప్పుడు మారింది. రష్యా క్రూడ్‌తో చేసిన డీజిల్ 2026 జనవరి 21 నుంచి ఈయూలోకి రాకూడదు.

మోడరేటర్:
క్రూడ్, డీజిల్ వాదనకి వేరే థ్రెడ్ తెరవండి చాయ్ గారూ. మొదటి పోస్టు మీరే రాయండి.