స్క్రాబో బురుజు పలక మీద 'మాకు' అంటే ఎవరికి?

శాసనప్రియ: ఉత్తర ఐర్లాండులో న్యూటౌనార్డ్స్ పక్కన స్క్రాబో కొండ మీద 41 మీటర్ల రాతి బురుజు ఉంది. భూస్వామి, మాజీ ఎంపీ, 1854లో పోయిన మూడో లండన్‌డెరీ మార్క్విస్ (ప్రభువుల బిరుదు) పేరిట 1857లో మొదలెట్టారు. 'కౌలుదార్లు, మిత్రులు' కట్టించారనీ, 'కీర్తి చరిత్రకు, తలపు మాకు' అనీ పలక మీద చెక్కారు. ఆలుగడ్డ పంట కుళ్లి జనం చస్తుంటే కౌలు తగ్గించనన్న దొర ఈయన. పక్కన ఇంకో పలక ఉండాల్సిందే.

సున్నంమేస్త్రి: పలక తర్వాత, ముందు గోడ చూడండి. ఆ డోలరైట్ అనే నల్లరాయి నీళ్లు పీల్చదు. గాలివాన కొడితే నీరంతా రాతి మీద జారి సందుల్లోకే పోతుంది. అక్కడ సిమెంటు కూరితే వెంట్రుకవాసి బీటల్లోంచి చెమ్మ లోపలికెళ్లి, ఇక బయటికి రాదు. లోపల గార పెళ్లలు రాలతాయి, మూలల్లోని ఇసుకరాయి పొరలుగా ఊడుతుంది. సందు వెడల్పుకు రెండింతల లోతు గీకి సున్నమే కూరాలి.

శాసనప్రియ: నేనడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి?

గోదారిగట్టు: కౌలుదార్లు చందా ఇచ్చింది నిజమే కదండీ.

శాసనప్రియ: ఇచ్చారు. కౌలు కట్టించుకునే దొరవారికే గుర్తుగా చందా అంటే ఎంతమంది కాదనగలరు? 'మిత్రుల్లో' ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ కూడా ఉన్నాడు. ఆయనా, ఎకరం కౌలుకు చేసేవాడూ కలిసి 'మాకు' అన్నారా!

సున్నంమేస్త్రి: ఆ చందాలూ చాల్లేదు. ఖర్చు 3,010 పౌండ్లకెక్కింది, కాంట్రాక్టరు హ్యూ డిక్సన్ దివాలా తీశాడు, లోపలి పని అరకొరగా ఆగింది. మీ కొత్త పలకలో అతని పేరుందా? దొర మీద కోపం రాయి మీద చూపిస్తున్నారు.

శాసనప్రియ: ఆ రాయి దొరదే. దాన్ని బాగుచేస్తే దొరను మళ్లీ నిలబెట్టినట్టే.

సున్నంమేస్త్రి: అంటే కూలనివ్వమంటారా? సూటిగా చెప్పండి.

శాసనప్రియ: కరువు సంగతి చెప్పే పలక పెట్టకుండా ప్రభుత్వ సొమ్ముతో సున్నం కొడతామంటే, కూలనివ్వండి.

గోదారిగట్టు: ఇదన్నమాట అసలు గొడవ. పొద్దుట్నుంచీ సున్నం అనుకుంటున్నాను.

పిట్టగోడ: పైకి ఎక్కనిస్తారా?

సున్నంమేస్త్రి: తెరిచిన రోజుల్లో. 122 మెట్లు, ఇరుకు. శాసనప్రియ గారూ, పలక పెట్టినా గోడకు మేకు కొట్టకండి, విడిగా రాతి దిమ్మె మీద నిలపండి. సున్నం పని చలికాలంలో వద్దు, 5 డిగ్రీల కిందికి పోతే పట్టదు. కూరాక తడి గోనెపట్టాలు కప్పాలి.

శాసనప్రియ: దిమ్మెకు ఒప్పుకుంటాను. గోనెపట్టాల సంగతి మీరే చూసుకోండి.