అప్‌డేట్: టీవీ పక్కన పెట్టిన డబ్బు తమ్ముడు తీసుకుంటే దొంగతనమేనా?

రాయగడ నుంచి అడిగింది నేనే. పాలవాడికివ్వాలని అమ్మ టీవీ పక్కన పెట్టే నోట్లు తమ్ముడు చెప్పకుండా తీస్తున్నాడు, ఇంట్లో డబ్బే కదా తప్పా అని.

చట్టం చూడమన్నారు, చూశాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: స్నేహితుడు ఏమీ అనుకోడనే నమ్మకంతో, చదవడానికే అతని పుస్తకం తీసుకెళ్తే దొంగతనం కాకపోవచ్చు. తమ్ముడు దాన్నే పట్టుకున్నాడు, లాయరు అవుతాడేమో! కానీ పుస్తకం తిరిగొస్తుంది, బిర్యానీకి పోయిన డబ్బు రాదు. పైగా అమ్మ అడిగితే "నేను చూడలేదు" అన్నాడు. నాకు మండింది అక్కడే.

అమ్మ గొడవ పడలేదు. పాలడబ్బు ఫోన్‌పే చేస్తోంది, వాడికి ఖర్చులకు విడిగా ఇస్తోంది. నిన్న అదనంగా వంద కావాలని వాడే అడిగాడు. ఇవ్వలేదు.