పది రోజుల్లో తెల్లబడిన ముఖం ఇప్పుడు మండుతోంది. ఏ సన్‌స్క్రీన్ వాడాలి?

ప్రశ్న (ఖమ్మం నుంచి)
అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రోజూ స్కూటీ మీద పోనూ రానూ 22 కిలోమీటర్లు. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. ఒక ఫ్యాన్సీ షాపులో చిన్న డబ్బా క్రీమ్ ఇచ్చారు. పది రోజులకే ముఖం నిగనిగలాడింది. స్టాఫ్ రూంలో అందరూ ఏం రాస్తున్నావని అడిగేవాళ్లు. నాలుగు నెలలు వాడాను. మొన్న పెళ్లికి వెళ్తూ డబ్బా మర్చిపోయాను. మూడో రోజుకి ముఖమంతా కందిపోయింది, నీళ్లు తగిలినా మంటే. ఇంటికొచ్చి మళ్లీ రాస్తే తగ్గింది. మచ్చలు మాత్రం ముందుకన్నా నల్లబడ్డాయి. ఇది మానేయాలా? ఎండకి ఏం రాసుకోవాలి? ఇంట్లో చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (వరంగల్, మెడికల్ షాపు)
అక్కా, రాస్తే తగ్గడం, ఆపితే మండడం అన్నారు చూడండి, స్టెరాయిడ్ కలిసిన క్రీముల్లో సరిగ్గా ఇలాగే జరుగుతుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి మొదట తెల్లగా కనిపిస్తారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎండకి అస్సలు తట్టుకోదు. ఆపగానే నాళాలు ఒక్కసారిగా విచ్చుకుని ఎర్రబడుతుంది.

డబ్బా మీద బీటామెథాసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఎక్కడైనా ఉందేమో చూడండి. ఇవి మందులు, ఫేస్ క్రీములు కావు. ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అయినా రోజూ ఎవరో ఒకరు పాత ట్యూబు చూపించి "ఇదే ఇవ్వు తమ్ముడూ, ముఖానికి" అంటారు. చూస్తే అది తామరకి రాసిచ్చిన మందై ఉంటుంది. ఇవ్వనంటే కోపం వస్తుంది. కోప్పడినా సరే, నేను ఇవ్వను.

ప్రశ్న అడిగినవారు
తమ్ముడూ, పదార్థాల పేర్లే లేవు. ఒక పువ్వు బొమ్మ, ఏదో విదేశీ లిపి. కంపెనీ అడ్రసు లేదు, బ్యాచ్ నంబరు లేదు. అడుగున మాత్రం వెండి, బంగారు నగలకు తగలనివ్వద్దని ఇంగ్లీషులో ఉంది.

జవాబు (వరంగల్, మెడికల్ షాపు)
అక్కా, ఈ రోజే ఆపేయండి. నగలకు తగలకూడదని రాశారంటే అందులో పాదరసం ఉందేమోనని అనుమానించాల్సిందే. పాదరసం బంగారంతో, వెండితో కలిసిపోతుంది, అందుకే ఆ హెచ్చరిక. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా అడ్డుకుంటుంది కాబట్టి ముఖం తెల్లబడుతుంది, కానీ చర్మంలోంచి లోపలికి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లలో వరుసగా కిడ్నీ జబ్బులు బయటపడింది ఇలాగే. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఫేస్ క్రీముల్లో పాదరసం కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల్లో ఒక వంతు మించకూడదు.

చర్మ డాక్టర్ దగ్గరికి డబ్బా తీసుకునే వెళ్లండి. ఒకవేళ ఇందులో స్టెరాయిడ్ కూడా ఉంటే మంట మళ్లీ పెరుగుతుంది, దాన్ని తట్టుకునే దారి ఆయనే చెప్తారు. కాళ్లు వాచినా, మూత్రంలో నురగ కనిపించినా ఆ సంగతి ముందు చెప్పండి. యూరిన్ టెస్ట్ అడిగి చేయించుకోండి. మీరు తుడుచుకున్న తువ్వాలు పిల్లలకి వాడకండి. ఇంట్లో దాచకండి అక్కా, వాళ్లకీ తెలియాలి.

జవాబు (తెనాలి)
అమ్మాయ్, ఈ గొడవలన్నీ ఎందుకని నిమ్మకాయ రుద్దుకోవడం మాత్రం మొదలుపెట్టకు. నేను పెరుగులో నిమ్మరసం కలిపి మెడకి, ముఖానికి పట్టించి, సరిగా కడుక్కోకుండా మిరపకాయలు ఎండబెట్టడానికి డాబా ఎక్కాను. రెండో రోజుకి రసం కారిన చారల మేరకే బొబ్బలు లేచాయి. ఆ చారలు నల్లగా మారి పోవడానికి నెలలు పట్టింది. నిమ్మరసం ఉన్నచోట ఎండ పడితే చర్మం కాలుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లోదే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను.

జవాబు (హైదరాబాద్, కాస్మెటిక్ ల్యాబ్‌లో పని)
సన్‌స్క్రీన్ సంగతి నేను చెప్తానండీ. మీ చర్మం ఇప్పుడు పచ్చిగా ఉంది కాబట్టి డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నది, సువాసన కలపనిది తీసుకోండి. ఇవి చర్మం పైనే ఉండి పనిచేస్తాయి, మంట పుట్టించడం తక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో నిబంధనలు ప్రతిపాదించినప్పుడు సురక్షితం, ప్రభావవంతం అని చెప్పడానికి తగిన ఆధారం ఉన్నవిగా ఈ రెంటినే పేర్కొంది. ఆక్సీబెంజోన్ లాంటి సన్‌స్క్రీన్ రసాయనాలు రక్తంలోకి చేరుతున్నాయని, ఇంకా సమాచారం కావాలని అడిగింది. అంటే అవి విషమని తేలినట్టు కాదు. కానీ మీ పరిస్థితిలో నేనైతే జింకే వాడతాను.

మన రంగుకి జింక్ బూడిద పూసినట్టు కనిపిస్తుందని చాలామంది మానేస్తారు. లేత గోధుమరంగు కలిపినవి దొరుకుతాయి, వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. మంగు మచ్చలకి మామూలు వెలుతురు కూడా కారణమే. ఐరన్ ఆక్సైడ్ దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి మీకు అదే నయం.

ఎస్‌పీఎఫ్ అంటే చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె. అది 30 అయితే యూవీబీలో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. కాబట్టి 100 అని రాసినదానికి ఎక్కువ డబ్బులు పోయకండి. ట్యూబు మీద పీఏ అనే గుర్తు పక్కన ప్లస్‌లు చూడండి, మూడో నాలుగో ఉండాలి. మచ్చలు పెంచే యూవీఏ కిరణాల నుంచి ఎంత రక్షణో చెప్పేది అదే. యూవీఏ కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది.

అసలు తప్పు రాసే కొలతలో జరుగుతోంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండండి, ముఖానికీ మెడకీ అది కావాలి. సుమారు గ్రాము అనుకోండి. రోజుకి ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు 50 రోజుల్లో అయిపోవాలి. ఆరు నెలలు వచ్చిందంటే డబ్బా మీది ఎస్‌పీఎఫ్ మీకు అందనట్టే. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ప్రశ్న అడిగినవారు
ఈ రోజు మా ఆయనకి చెప్పాను. ఆయనే డబ్బాని కవర్లో కట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. టెస్టులు రాశారు, మంటకి మందు ఇచ్చారు. సన్‌స్క్రీన్ రెండు వారాల తర్వాతట. అంతవరకు చున్నీ సరిపోతుందా?

జవాబు (హైదరాబాద్, కాస్మెటిక్ ల్యాబ్‌లో పని)
వెలుతురుకి పట్టి చూడండి, అవతలిది కనిపిస్తే పనికిరాదు. ముదురు రంగు, దగ్గరి నేత కాటన్ అయితే మంచిది, హెల్మెట్ కింద కట్టుకోండి. సన్‌స్క్రీన్ కొన్నాక ట్యూబుని స్కూటీ డిక్కీలో మాత్రం వదిలేయకండి, వేడికి పాడైపోతుంది. బ్యాగులోనే పెట్టుకోండి.