కంట్రోల్ జీబ్రాఫిష్ పిండాల్లోనూ సౌత్‌పా (మామూలుగా ఎడమవైపే పనిచేసే జన్యువు) రెండు వైపులా కనిపిస్తోంది

ఇంజెక్షన్ చేయని వైల్డ్‌టైప్ (జన్యుమార్పు లేని) పిండాలివి, 28.5 డిగ్రీల్లో పెంచినవి. 18-20 సోమైట్ల (పిండంలో వరసగా ఏర్పడే ఖండాల) దశలో ఇన్‌సిటు (జన్యువు ఎక్కడ పనిచేస్తోందో రంగుతో చూపే పరీక్ష) చేస్తే 60లో 17 పిండాల్లో సౌత్‌పా కుడివైపు కూడా వస్తోంది. గుడ్లు పెట్టే చేపల జతలు మార్చాను, డిష్‌కు 50 గుడ్లకు తగ్గించాను, రంగు వచ్చే సమయం సగం చేశాను. తేడా లేదు.

8 సోమైట్ల దగ్గర కుఫర్ వెసికిల్ (ఎడమ-కుడి తేడాను మొదలుపెట్టే, ద్రవం నిండిన చిన్న సంచి)లోకి ఫ్లోరసెంట్ పూసలు ఎక్కించి చూశాను. వీపువైపు నుంచి చూస్తే అపసవ్య దిశలో చక్కగా తిరుగుతున్నాయి, కాబట్టి సిలియా (ఆ ద్రవాన్ని తిప్పే సన్నటి వెంట్రుకలు) మీద అనుమానం లేదు. ఇక డాండ్5 (కుడివైపు సౌత్‌పాను అణిచే జన్యువు) తగ్గిందా, మధ్యరేఖలో లెఫ్టీ1 (ఎడమ సంకేతం కుడివైపు దాటకుండా ఆపే జన్యువు) అడ్డు తెగిందా అన్నదే మిగిలింది. మొదటిదైతే కుడివైపు తొలినుంచే, రెండోదైతే ఆలస్యంగా కనిపించాలి.

ఒకే క్లచ్‌ను (ఒకేసారి పెట్టిన గుడ్లను) 12, 15, 18 సోమైట్ల దగ్గర ఫిక్స్ చేసి పోలిస్తే ఈ రెండూ వేరుపడతాయా, లేక డాండ్5 ప్రోబ్‌తో (దాని ఆర్‌ఎన్‌ఏను గుర్తించే అణువుతో) ఇన్‌సిటు కూడా తప్పదా?