రైడింగ్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: కెనడాలోని వాంకూవర్ సెంటర్ చరిత్ర తెలుగులో రాస్తున్నాను. కాగితాల్లో ‘ఫెడరల్ ఎలక్టోరల్ డిస్ట్రిక్ట్’ అని ఉంది, జనం నోట ‘రైడింగ్’. ‘సమాఖ్య ఎన్నికల జిల్లా’ అనొచ్చా?

జవాబు: జిల్లా వద్దండీ. జిల్లా అనగానే మనవాళ్లకు కలెక్టరాఫీసు గుర్తొస్తుంది. ఇది ఒట్టావా పార్లమెంటుకు ఒక ఎంపీని పంపే చోటు, అంతే. నియోజకవర్గం అనేయండి.

రైడింగ్‌కి గుర్రపు స్వారీతో సంబంధం లేదు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ మూడు భాగాలుగా ఉండేది. మూడో వంతు అనే అర్థంలో ఒక్కో భాగాన్ని ‘థ్రైడింగ్’ అనేవారు. ముందు నార్త్, ఈస్ట్, వెస్ట్ చేరేసరికి ఆ మొదటి ‘థ’ వాటి చివరి అక్షరంలో కలిసిపోయింది. అంటే ఆ మాటలో ఉన్నది నేల. మన మాటలో ఉన్నది మనుషులు: నియోజకులు, అంటే నియమించేవాళ్లు, వాళ్ల వర్గం. మీ వ్యాసానికి ఇదే కీలకం. ఆ వర్గంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని గడప బయట నిలబెట్టారు అన్నదే వాంకూవర్ సెంటర్ కథ.

1914లో కోమగటమారు ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. ఎక్కువమంది పంజాబ్ సిక్కులు. రెండు నెలలు రేవులోనే ఆపి, కొద్దిమందిని తప్ప అందర్నీ వెనక్కి పంపేశారు. వాళ్లను దిగనివ్వొద్దని గట్టిగా పట్టుబట్టినవాడు నగర ఎంపీ హెచ్.హెచ్. స్టీవెన్స్. 1917లో వాంకూవర్ సెంటర్‌కు మొదటి ఎన్నిక జరిగితే గెలిచింది ఆయనే. 1930లో వచ్చిన ఇయాన్ మెకెంజీ కేంద్రమంత్రి కూడా అయ్యాడు. 1942లో జపాన్ మూలాలున్న సుమారు 22,000 మందిని పసిఫిక్ తీరం నుంచి ఖాళీ చేయించడంలో ఆయన ఒత్తిడి చాలా ఉంది. వాళ్లలో ఎక్కువమంది కెనడా పౌరులే. అయినా అక్కడ ఆసియా మూలాలవాళ్లకు ఓటు లేదు, కాబట్టి ఎంపీకి వాళ్ల భయమూ లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

భారతీయులకు, చైనీయులకు ఓటు 1947లో వచ్చింది. సరిగ్గా పదేళ్లకు, 1957లో, డగ్లస్ జంగ్ ఇక్కడ నిలబడి ఏకంగా రక్షణ మంత్రి రాల్ఫ్ కాంప్నీనే ఓడించాడు. చైనీస్ మూలాలున్న మొదటి కెనడా ఎంపీ ఆయన. రెండో ప్రపంచయుద్ధంలో, ఓటు హక్కు లేని రోజుల్లోనే, ఆ దేశం తరఫున సైన్యంలో పనిచేసినవాడు. స్టీవెన్స్, మెకెంజీ కూర్చున్న స్థానమే! మీ వ్యాసంలో ఎక్కువ చోటు ఈ ఎన్నికకే ఇవ్వండి.

తర్వాతి కథ తెలిసిందే. 1993లో ప్రధాని కిమ్ క్యాంప్‌బెల్ తన సొంత సీటైన ఇక్కడే ఓడిపోయారు. గెలిచిన హెడీ ఫ్రై ట్రినిడాడ్‌లో పుట్టిన డాక్టర్. 2025 ఎన్నికల్లో కూడా ఆమే గెలిచారు.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. మరి ‘సెంటర్’ని ‘మధ్య వాంకూవర్’ అని మార్చనా?

జవాబు: పేరు కదా, మార్చొద్దు. విజయవాడ సెంట్రల్‌ని మనం అలాగే ఉంచుకున్నాం. కాకపోతే మన ఊళ్లలో సెంటర్ అంటే నాలుగు రోడ్ల కూడలి. అందుకని మొదటిసారి మాత్రం ‘వాంకూవర్ సెంటర్ నియోజకవర్గం’ అని పూర్తిగా రాయండి.