పిల్లికి బూస్టర్ బదులు టైటర్ టెస్ట్ చేయిస్తే సరిపోతుందా?

బుజ్జిమీసాలు:
మా పిల్లికి ఆరేళ్లు, గడప దాటదు. చిన్నప్పటి డోసులన్నీ వేయించాం, బూస్టర్లు కూడా ఏటా వేయిస్తూనే ఉన్నాం. పోయినసారి సూది వేసిన చోట గడ్డలా వచ్చి కొన్నాళ్లకి అదే పోయింది, ఈలోగా ఎవరో సార్కోమా (ఒక రకం క్యాన్సర్) అని చెప్పేసరికి ఇప్పుడు మళ్లీ వేయించాలంటే చేతులు రావట్లేదు. టైటర్ అని రక్తం తీసి యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూస్తారట కదా, అది చేయిస్తే ఇక టీకాలు మానేయొచ్చా?

నల్లతోక:
ఏ జబ్బుకి అన్నది ముందు చూడాలండీ. పాన్‌ల్యూకోపీనియాకి (పిల్లుల ప్రాణాల మీదికి తెచ్చే వైరస్ జబ్బు) అయితే టైటర్ బాగా పనికొస్తుంది, టీకాలు పడిన పెద్ద పిల్లికి యాంటీబాడీలు ఉన్నాయని వస్తే రక్షణ ఉన్నట్టే. పిల్లులకి జలుబు తెచ్చే హెర్పిస్, క్యాలిసీ వైరస్‌లు మాత్రం అలా కాదు, అవి పట్టుకునేది ముక్కు గొంతు పొరల్లో, అక్కడి రక్షణ సంగతి రక్తంలో నంబర్ చూసి చెప్పలేం, పైగా క్యాలిసీలో రకాలు బోలెడు. అసలు ఆ రెండిటికీ టీకా వేసినా జబ్బు రాకుండా పూర్తిగా ఆపదు, వస్తే తీవ్రత తగ్గిస్తుందంతే. ఇంట్లోనే ఉంటుంది కదా అని పాన్‌ల్యూకోని తేలిగ్గా తీసుకోకండి, ఆ వైరస్ బయట నెలల తరబడి బతికి మన చెప్పులకి అంటుకుని లోపలికొస్తుంది.

వెట్‌క్లినిక్‌లో_పని:
అసలు ఏటా ఎందుకు వేయిస్తున్నారు? చిన్నప్పటి కోర్సు, దాని తర్వాతి బూస్టర్ సరిగ్గా పడితే ఇంట్లో ఉండే పెద్ద పిల్లికి ఈ మూడు జబ్బుల టీకా 3 ఏళ్లకోసారి కంటే ముందు అక్కర్లేదని డబ్ల్యూఎస్‌ఏవీఏ (పెంపుడు జంతువుల వెట్‌ల ప్రపంచ సంఘం) గైడ్‌లైన్సే చెప్తాయి. పెట్ హాస్టల్‌లో వదిలే పిల్లులకైతే హెర్పిస్, క్యాలిసీ ఏటా వేస్తారు, అది వేరే లెక్క.

గడ్డకి 3-2-1 అని గుర్తుపెట్టుకోండి. 3 నెలలు దాటినా పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, 1 నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నా ముక్క తీసి పరీక్ష చేయించాలి. మీది పోయింది కాబట్టి కంగారొద్దు, సార్కోమా చాలా అరుదు. ఈసారి మెడ మీద కాకుండా కాలి కింది భాగంలో వేయమనండి.

పులిచారలు:
రేబిస్ దీంట్లో కలపకండి బాబూ. చట్టం టీకా వేయించాలన్న చోట టైటర్ కాగితం చూపిస్తే మామూలుగా చెల్లదు. రక్తంలో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ ఉండాలని అడిగేది కొన్ని దేశాలకి తీసుకెళ్లేటప్పుడు, అదీ టీకా వేయించాక చేసే టెస్టే. నా మటుకు నాకు టైటర్ మీద పెద్ద మోజు లేదు, బుట్టలో కుక్కి తీసుకెళ్లి రక్తం తీయించడం పిల్లికి సూది కంటే ఎక్కువ నరకం.

బుజ్జిమీసాలు:
మరి నెగెటివ్ వస్తే?

నల్లతోక:
రక్షణ పూర్తిగా పోయిందని కాదు, వైరస్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ కణాలు ఉండొచ్చు, కానీ అవి ఉన్నాయని ఈ టెస్ట్ చెప్పలేదు కాబట్టి వేయించేయమనే అంటారు. ఇంకో చిక్కు, ఈ మూడూ ఎక్కువగా ఒకే సూదిలో కలిపి వస్తాయి, పాన్‌ల్యూకో పాజిటివ్ వచ్చినా మిగతా రెండిటి కోసం అదే సూది పడొచ్చు. అందుకే రక్తం ఇచ్చే ముందే వెట్‌ని అడగండి, ఏ రిజల్ట్ వస్తే ఏం చేస్తారో. ఏదొచ్చినా సూది వేస్తామంటే ఇక టెస్ట్ దండగ.