చెవుల మందు సీసా చూస్తే మా వాడు మంచం కిందే: మీ ఇళ్లల్లో ఎలా చేస్తున్నారు?

పర్లాకిమిడి_పిల్ల
మా కుక్క బ్రూనో మూడేళ్ల ల్యాబ్రడార్. వానలు మొదలైన దగ్గర్నుంచీ మహేంద్రతనయ నదిలో దిగడం, ఇంటికొచ్చి తల విదిలించడం. డాక్టరు గారు చూసి ఇన్ఫెక్షన్ ఏమీ లేదు, గుబిలే, ఇంట్లో కడుక్కోండి అని సీసా ఇచ్చారు. మొదటిరోజే నేనూ తమ్ముడూ గట్టిగా పట్టుకుని గబగబా పోసేశాం. అదే మా తప్పు. ఇప్పుడు మూత తీసిన చప్పుడైతే చాలు, మంచం కింద దూరుతున్నాడు. లాగితే గుర్రుమంటున్నాడు. ఎలా దారికి తేవాలి? ఎన్నాళ్లకోసారి కడగాలి? పగలు మంచిదా, రాత్రా?

ధర్మాబాద్_మిర్చి
ఇంత ఆలోచన దేనికి? మా దానికి మూతికి గుడ్డ కడతాం, ఒకరు కాళ్లు, ఒకరు తల. రెండు నిమిషాల పని. ఇయర్ బడ్ పెట్టి తిప్పితే నల్లగా వస్తుంది చూడండి, భలే తృప్తిగా ఉంటుంది.

కొరాపుట్_కాఫీ
మిర్చి అన్నా, ఆ బడ్ ముందు పారేయండి. కుక్క చెవి మన చెవిలా తిన్నగా ఉండదు. కిందికి దిగి, అక్కడ లోపలికి మలుపు తిరుగుతుంది. మీకు బయటికి వచ్చింది చారెడు అయితే లోపలికి నెట్టింది బారెడు. ఇంకోటి, మూతి బిగించి కడితే అది నోరు తెరిచి రొప్పలేదు. కుక్కకి ఒళ్లు చల్లబడేదే అలా. ఈ ఉక్కలో ఆ పని అస్సలు చేయకండి.

పిల్లా, గుర్రుమన్నందుకు కోప్పడకు. అది "వద్దు" అని చెప్పడం. తిట్టి ఆ చెప్పడం మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది. మా స్పానియల్‌తో ఈ పాఠం నేర్చుకోవడానికి నాకు మూడు కుట్లు పడ్డాయి, ఆపైన సూదులు.

బరంపురం_బామ్మ
మా ఇంట్లో పిల్లలకైనా కుక్కకైనా ఒకటే మందు. ఆవనూనెలో వెల్లుల్లి రెబ్బ వేసి కాచి, గోరువెచ్చగా రెండు చుక్కలు. ఈ ఊళ్లో ఎవరినైనా అడగండి. గుబిలి దానంతటదే తేలుతుంది.

కొరాపుట్_కాఫీ
బామ్మగారూ, పిల్లల సంగతి నాకు తెలీదు. కుక్కలకి మాత్రం ఉల్లి, వెల్లుల్లి విషం, రక్తం దెబ్బతింటుంది. చెవిలో పోసింది చెవిలోనే ఉండిపోదు కదా, కాలితో గోక్కుని ఆ కాలు నాకుతుంది.

బరంపురం_బామ్మ
నలభై ఏళ్లలో ఆరు కుక్కల్ని పెంచాను నాయనా. ఒక్కటీ వెల్లుల్లికి పోలేదు.

సిరొంచ_అక్క
రెండు చుక్కలకి ప్రాణం పోతుందని ఎవరూ అనలేదు బామ్మా. నూనె పోస్తే జిడ్డు లోపలే నిలుస్తుంది, చెమ్మ ఆరదు. మేం కొబ్బరినూనె పోసి తీసుకెళ్తే డాక్టరమ్మకి కర్ణభేరి కనబడక నన్ను ఎంత తిట్టిందో! కర్ణభేరికి చిల్లు ఉంటే పోసిందల్లా లోపలికే పోతుందట. అందుకే చూడకుండా ఏదీ పోయకూడదంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కూడా వద్దంది. మంట.

జయపురం_షోరింగ్
అందరూ ఒకసారి ఆగండి. పద్దెనిమిదేళ్లుగా జర్మన్ షెపర్డ్‌లని పెంచి పోటీలకి తీసుకెళ్తున్నవాణ్ణి చెబుతున్నా. ఇంట్లో యజమాని ఎవరో కుక్కకి తెలిస్తే బతిమాలడాలు, బిస్కెట్లు అక్కర్లేదు. నేను "నిలబడు" అంటే నిలబడతాయి. చెవులు తుడుస్తా, అయిపోతుంది.

కొరాపుట్_కాఫీ
షెపర్డ్ చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి సార్, గాలి ఆడుతుంది. ల్యాబ్‌వి వేలాడతాయి, పైగా ఇది నదిలో ఈదే ల్యాబ్. మీరు ఎన్నిసార్లు లోతుగా కడిగి ఉంటారు?

జయపురం_షోరింగ్
నా అనుభవాన్ని ప్రశ్నించే ముందు మీ కుట్ల లెక్క చూసుకోండి.

కొరాపుట్_కాఫీ
చూసుకున్నాకే చెబుతున్నా.

సిరొంచ_అక్క
ఆ పిల్ల అడిగిందేమిటి, మీరిద్దరూ చేస్తున్నదేమిటి! అమ్మాయ్, నేను చేసింది చెబుతా. వారం రోజులు మందు పోయనేలేదు. మొదట మూత బిగించిన సీసాని అన్నం గిన్నె పక్కన ఊరికే పెట్టా. తర్వాత చెవి ముట్టుకోవడం, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క. చెవి ఎత్తడం, ముక్క. మూత చప్పుడు, ముక్క. పెదాలు నాకినా, ఆవలించినా, కంట్లో తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూసినా ఆ పూటకి ఆపేదాన్ని.

అసలు రోజున స్టీలు పళ్లానికి పెరుగు పూసి ముందు పెట్టా. సీసాని కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచా, చల్లగా తగిలితే ఎవరికైనా ఉలికిపాటే కదా. చెవిలో నేరుగా పోస్తే ఆ బుడబుడ చప్పుడుకే మా రాజా బెదిరేవాడు. అందుకని దూదిని ఉండచేసి మందులో తడిపి చెవి మొదట్లో పెట్టి, కింద కుదురు దగ్గర అరనిమిషం పిసికా. పచక్ పచక్ మంటుంది. ఆ తర్వాత వదిలేసి దూరంగా జరగాలి. విదిలిస్తాడు. మేం హాల్లో చేశాం, గోడకి సున్నం మళ్లీ వేయించాల్సొచ్చింది. మీరు వసారాలో చేసుకోండి. పైకి వచ్చింది మటుకే దూదితో తుడవడం.

ధర్మాబాద్_మిర్చి
పెరుగు బదులు పల్లీల బటర్ పెట్టొచ్చా?

సిరొంచ_అక్క
పెట్టొచ్చు, డబ్బా మీద జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) అని రాసి ఉంటే మాత్రం వద్దు. కుక్కకి ప్రాణం మీదికొస్తుంది.

పర్లాకిమిడి_పిల్ల
అక్కా, చాలా థ్యాంక్స్. ఒక చిత్రం చెప్పనా? నేను "కూర్చో" అంటే వినడు. మా ఇంట్లో పనిచేసే ఒడియా మావుసి "బొసొ" అంటే టక్కున కూర్చుంటాడు.

ధర్మాబాద్_మిర్చి
మా దగ్గర మరాఠీలో "బస్". చూశారా, ఎంత దగ్గరో!

సిరొంచ_అక్క
మా ఇంట్లోనూ అదే. అన్నం వడ్డిస్తుంటే మా ఆయన ఇక చాలని "బస్" అంటారు, రాజా కూర్చుంటాడు.

బరంపురం_బామ్మ
1936లో ఒడిశా వేరుపడ్డప్పటి నుంచీ మన పిల్లలకే ఏ భాష అన్నది తేలలేదు, కుక్కకేం తేలుతుంది.

జయపురం_షోరింగ్
ఆజ్ఞ ఎప్పుడూ ఒకే భాషలో ఉండాలి. ఇది ప్రాథమిక సూత్రం.

కొరాపుట్_కాఫీ
ఈ ఒక్కదానికి మీతో ఒప్పుకుంటున్నా సార్. తేదీ రాసిపెట్టుకోండి.

పర్లాకిమిడి_పిల్ల
పదకొండు రోజుల తర్వాత వచ్చాను. నిన్న వసారాలో మావుసి "బొసొ" అంది, పెరుగు పళ్లెం నేను పట్టుకున్నా, దూది కూడా నేనే. ఎడమ చెవి అయిపోయింది! కుడిచెవి దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లిపోయాడు. తమ్ముడు పట్టుకోబోతే ఆపేశాను. మంచం కిందకి మాత్రం పోలేదు, తులసికోట పక్కన పడుకున్నాడు. కుడిది ఎల్లుండి చూస్తా. ఇంతకీ ఎన్నాళ్లకోసారి అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు.

బరంపురం_బామ్మ
వారానికోసారి, నదిలో దిగిన రోజూ చెవి ఎత్తి వాసన చూడు తల్లీ. శుభ్రంగా ఉంటే ముట్టుకోకు, ఊరికే కడిగినా లోపల ఒరుస్తుంది. పులిసిన వాసనొచ్చినా, ఎర్రబడినా, కాఫీపొడి లాంటిది కనబడినా, తల ఒకవైపుకి వాల్చినా సీసా పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పో. నూనె మాట నేనిక ఎత్తను.

ధర్మాబాద్_మిర్చి
బడ్లు పారేశాను. గుడ్డ కూడా. ఇప్పుడు గోళ్ల సంగతి ఎవరైనా చెప్పండి, కట్టర్ చూస్తే మాది పక్కింటి డాబా ఎక్కుతోంది.